పౌలు నిలబడిన మూడు చోట్లు

ఆ ఆదివారం ఉదయం ఎనిమిదింబావుకు థెస్సలొనీక రైల్వే స్టేషన్ వెనక వీధిలో, మా హోటల్ మెట్ల ముందు ఉన్నవి ఇవి. మనుషులు ముగ్గురు. ఊరి పటం ఒకటి, మడతలు చిరిగిన చోట టేపు అంటించినది. చేతి గడియారం ఒకటి, నాది. నీళ్ల సీసాలు రెండు. మామిడికాయ తొక్కు డబ్బా ఒకటి, ఆరో వారానికి అడుగంటినది. రొట్టెలు నాలుగు. నల్ల రెక్సిన్ సంచి ఒకటి, వెల్డర్ చంకలో. నా చొక్కా జేబులో స్కేలు పెట్టి గీతలు గీసిన కాగితం ఒకటి. అందులో చూడవలసిన పాత చర్చీలు, మసీదులు, మఠాలు పదకొండు, ఒక్కోదానికి కేటాయించిన నిమిషాలు, మధ్యలో నడకకు పట్టే నిమిషాలు.

మేం హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన ఉన్న ఒక ప్రభుత్వ కర్మాగారం మనుషులం. డెబ్భైల నడిమి సంవత్సరాల మాట ఇది. ఆ గ్రీకు ఊళ్లో మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి మావాళ్లు ఇనుమును రేకులుగా సాగదీసే పాత రోలింగ్ మిల్లు ఒకటి కొన్నారు. దాన్ని విప్పి, ముక్క ముక్కకూ గుర్తు కొట్టి, పెట్టెల్లో సర్ది ఓడ ఎక్కించడం మా పని. నేను ఇన్‌స్పెక్టర్‌ని. ప్రతి ముక్కా సరిచూసి సంతకం పెట్టడం నా వంతు. ఇరవై ఆరేళ్లు, పాలిటెక్నిక్ డిప్లొమా, గుడిమల్కాపూర్‌లో అద్దె గది. ఫిట్టర్ శాలిబండ మనిషి, నలభై దాటినవాడు, వర్క్‌షాపులో అందరికీ ఉస్తాద్. వెల్డర్‌ది కిషన్‌బాగ్ వెనక ఒక బస్తీ. యాభై రెండేళ్లు. క్రైస్తవుడు. ఆయన్ని జనరల్ మేనేజర్ కూడా అన్నా అనే పిలిచేవాడు.

ఆరు వారాలు ఒక్క సెలవు లేకుండా పనిచేశాం. సోమవారం పదింటికి ఓడలోకి ఎత్తడం మొదలు. మాకు మిగిలింది ఆ ఒక్క ఆదివారం.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. నా సర్వీసు మొత్తంలో చూడని దాని మీద ఒక్క సంతకం పెట్టలేదు. ఆ మాట ఇప్పటికీ ధీమాగానే చెబుతాను. కానీ పూర్తిగా సరైన మాట ఒకటి చెప్పి, ఒక మనిషి పని చెడగొట్టిన పూట కూడా నా సర్వీసులో ఉంది.

ముందు ఆ రెక్సిన్ సంచి గురించి చెప్పాలి. అన్న పోతున్నది బైబిల్లోని పౌలు ప్రచారం చేసిన ఊరికని తెలియగానే కిషన్‌బాగ్ చర్చిలో ఆడవాళ్లు మనవి చీటీలు రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి పక్కిళ్లవాళ్లు ఇచ్చారు. ఆ బస్తీలో ఎవరి మొక్కు ఎక్కడికి పోతున్నా తలా ఒక మాట కట్టి పంపడం అలవాటు. చర్చివాళ్లవి, మైసమ్మకు బోనం ఎత్తేవాళ్లవి, దర్గాకు చాదర్ పట్టుకుపోయేవాళ్లవి అన్నీ కలిపి అరవై ఎనిమిది చీటీలు అయ్యాయి. ఒక్కోదాంట్లో మూడు సంగతులు: మనిషి పేరు, ఇంటి గుర్తు, కష్టం. పౌలు నిలబడిన చోట నిలబడి అన్నీ గట్టిగా చదువుతానని అన్న మాట ఇచ్చాడు.

వాటిలో ఒకటి ఆయన చిన్న కూతురిది. రెండు కాన్పులు పోయాయి. మూడోది నెలలు నిండి ఉంది. ఆ చీటీని ఆయన నాకు ఓడ పెట్టెల మధ్య కూర్చుని ఒకసారి చూపించాడు. మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంటూ, "చదువుతనని చెప్పిన తమ్మీ. చదవకుండ ఇంటికి పోతే ఆ పిల్ల మొకం చూడలేను" అన్నాడు.

పౌలు ఎక్కడ నిలబడ్డాడో కనుక్కునే పని నాకు అప్పగించారు. నేను మేం పనిచేస్తున్న గ్రీకు ఫ్యాక్టరీ స్టోర్‌కీపర్‌ని అడిగాను. ఆయనకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. పటం తీసుకుని పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టాడు. కాసేపు ఆలోచించి రెండోది చుట్టాడు. వాళ్లావిడ ఇంకోటి చెబుతుందని మూడోది చుట్టాడు. ఒకటి కింది ఊళ్లో ఒక పాత చర్చి వెనక. ఒకటి పాత కోటగోడ బయట ఒక ఊట దగ్గర. ఒకటి కొండ మీది మఠం ముంగిట్లో. మూడింటినీ నా పదకొండులో కలిపాను. దారిని బట్టి అవి మూడు, ఏడు, పదకొండు అంకెలుగా వచ్చాయి.

ముందు ఒకటో నంబరు. అది ఇటుకల గుండ్రటి కట్టడం, గుమ్మటం కింద నిలబడితే మెడ నొప్పి పుట్టే ఎత్తు. ఒకప్పుడు చర్చి, తర్వాత మసీదు, మేం చూసేనాటికి రెండూ కాదు. పక్కన ఒంటరిగా ఒక మినార్ మిగిలి ఉంది.

ఉస్తాద్ దాన్ని పైనుంచి కిందికి చూసి, "ఒక్కటే? మా చార్మినార్ దగ్గరికి రమ్మను, మూడు అప్పిస్తం" అన్నాడు.

"అప్పిస్తే మీకు ఒక్కటే మిగుల్తది" అన్నాడు అన్న.

"గందుకే వడ్డీ గూడ తీసుకుంటం."

రెండో నంబరు ఒక పాత పెద్ద చర్చి. లోపల రెండు వరుసల పాలరాతి స్తంభాలు. ఒక స్తంభం దగ్గర ఉస్తాద్ ఆగిపోయాడు. దాని మీద అరబీ లిపిలో నాలుగు మాటలు చెక్కి ఉన్నాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలితో తాకకుండా గాలిలోనే గీస్తూ చదివాడు. ఫలానా సుల్తాన్ ఈ ఊరు గెలిచాడు, ఫలానా హిజ్రీ సంవత్సరం. చర్చి ఊడ్చే ముసలాయన చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. ఎన్నేళ్లుగా ఆ స్తంభం చుట్టూ ఊడుస్తున్నాడో గానీ, దాన్ని గడగడ చదివిన మనిషిని అప్పుడే చూశాడేమో. ఉస్తాద్ చేయి పట్టుకుని ఊపాడు. నాకు మహా సంతోషమైంది. రాసి ఉన్నది, తేదీ ఉన్నది, చదవడానికి మనిషి ఉన్నాడు. నా దృష్టిలో రుజువంటే అది.

ఆ సంతోషంలోనే మూడో నంబరుకు పోయాం. చర్చి వెనక ఒక పాత గోడ, గోడ కింద గడ్డి, ఒక రాతి పలక. అన్న చెప్పులు విడిచాడు. సంచి తెరిచి, దారంతో కట్టిన చీటీల కట్ట బయటికి తీశాడు. గొంతు సవరించుకుని నావైపు చూశాడు. ఆరు వారాలుగా ప్రతి పెట్టె మూత బిగించే ముందు ఆయన నావైపు చూసేవాడు. నేను తల ఊపితే బిగించేవాడు. ఆ అలవాటుతోనే అడిగాడు.

"ఇదేనా తమ్మీ?"

నేను తల ఊపలేదు.

"అన్నా, ఇదే అని రుజువు లేదు" అన్నాను. "మూడు చోట్లు చెప్తున్నరు. ఒక మనిషి ఒకటే ప్రసంగం మూడు చోట్ల చెయ్యడు. అంటే కనీసం రెండు తప్పు. మూడూ తప్పు గావచ్చు."

ఆయన ఆ పలకను కాసేపు చూశాడు. చీటీలు మళ్లీ సంచిలో పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.

"చదవండి అన్నా, చదివితే పోయేదేముంది?" అన్నాను.

"తప్పు చోట చదివి, చదివినమని వాళ్లకు ఎట్ల చెప్పాలె?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అది నా మాటే. ఆరు వారాలు ఆయనకు నేను నేర్పిన మాట.

నాలుగు, ఐదు, ఆరు నంబర్లు సమయానికే చూశాం. నాలుగోది చిన్న ఇటుక చర్చి, ఐదోది సినిమా హాలుగా మారిన మసీదు, ఆరోదాంట్లో గోడల నిండా రంగురాళ్ల బొమ్మలు. అన్న అన్నింటిలోకీ వచ్చాడు, అన్నింటిలోనూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఏడో నంబరు ఊట. దాని సంగతి ఎత్తగానే, "వద్దులే, అది గూడ అంతే గద" అన్నాడు. నేను కాగితం మీద ఏడు పక్కన అడ్డగీత పెట్టాను. గంట ముందుకు జరిగామని లోపల కొంచెం తృప్తి కూడా కలిగింది. సిగ్గుపడే విషయమే అయినా అయినట్టు చెబుతున్నాను.

ఒంటి గంటకు ఒక పార్కు బెంచీ మీద రొట్టె, తొక్కు తిన్నాం. అన్న సగం రొట్టె తిని, కాళ్లు కడుక్కోవాలని పంపు దగ్గరికి పోయాడు. ఆ సందులో ఉస్తాద్ నా మీదికి తిరిగాడు.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, నీ దగ్గర గేజీ ఉందా?"

"ఏం గేజీ?"

"పౌలు కాలు సైజు చూసే గేజీ. రాయి మీద పెట్టి పాసా, ఫెయిలా చెప్పనీకి."

"ఉస్తాద్, నేను అబద్ధం చెప్పాల్నా? నువ్వే పొద్దున చదివినవ్. రాసి ఉంది, సంవత్సరం ఉంది. గట్ల ఉంటే ఒప్పుకుంట."

ఆయన తొక్కు అంటిన వేలు నాకి, డబ్బా మూత పెట్టాడు.

"భాయ్, ఆ స్తంభం మీద రాసింది గెలిచినోని పేరు. ఫౌజు తోని వచ్చిండు, రాయి చెక్కెటోన్ని ఎంట తెచ్చుకున్నడు. ఈ పౌలు ఎవరు? అన్న చెప్పిండు గద, గుడారాలు కుట్టుకుని బతికెటోడు. మనలెక్క పనోడు. మూడు వారాలు మాట్లాడిండు, లొల్లి అయింది, ఊళ్లకెళ్లి ఎల్లగొట్టిండ్రు. ఎల్లగొట్టినోని పేరు ఎవడు రాస్తడు? వాడు నిలబడ్డ జాగకు తారీకు ఎవడేస్తడు?"

ఆయన ఆగలేదు.

"మా శాలిబండల గల్లీ మొగల ఒక చిల్లా ఉంది. ఎర్కేనా చిల్లా అంటే?"

తెలుసు. పాతబస్తీలో తిరిగినవాళ్లందరికీ తెలుసు. పీరు సమాధి కాదు, ఆయన కూర్చున్నాడని చెప్పుకునే చోటు. చిన్న పచ్చగోడ, ఒక జెండా, దీపం పెట్టే గూడు.

"ఆ పీరు, ఆ బుజుర్గ్, బగ్దాద్ మనిషి. సముద్రం దాటి ఇటు రానేలేదు. మా దాదాకు ఎర్కే, మా అబ్బాకు ఎర్కే, దీపం పెట్టెటోనికి గూడ ఎర్కే. ఆయినె చిల్లాలు మన హైదరబాద్ల ఇంక ఎన్ని ఉన్నయో. ఏది అసలుది అని ఎవలన్న అడుగుతరా? ఆయిన రాలేదు గాబట్టే జాగ కట్టుకున్నరు. రాని మనిషికి కూసోనీకి జాగ ఇచ్చిండ్రు. మూడు జాగలుంటే ఏమాయె? మూడిండ్లోళ్లు రమ్మన్నట్టు."

అన్న పంపు దగ్గరి నుంచి వస్తూ చివరి మాటలు విన్నాడు. బెంచీ పక్కన నిలబడి, ప్యాంటు మడతలు దించుకుంటూ, "ఉస్తాద్, గట్లంటే మూడు చోట్ల గూడ చదవాలె గద" అన్నాడు.

"చదువు. ఎవలొద్దన్నరు?" అని ఉస్తాద్ నావైపు చూశాడు. "సాబ్ టైం చెప్తడు."

అక్కడ నా అసలు చదువు పనికొచ్చింది. నాకు పీర్ల సంగతి తెలియదు గానీ పటం తెలుసు. జేబులోంచి కాగితం తీసి, ఎనిమిది, తొమ్మిది, పది కొట్టేశాను. మూడో నంబరుకు వెనక్కి నడక ఇరవై ఐదు నిమిషాలు. అక్కడి నుంచి ఊటకు బస్సు. ఊట నుంచి కొండకు బస్సు లేదు, ఎక్కాలి. అన్నకు కుడి మోకాలు సరిగా వంగదు. మఠం గేటు ఆరింటికి మూస్తారు. గట్టిగా నడిస్తే అయిదూ ముప్పైకి చేరతాం, చాలినంత సమయం ఉంటుంది అని చెప్పాను. కొండ మీద మెట్లు ఎన్నో మాత్రం నా లెక్కలో లేదు. పటంలో మెట్లు ఉండవు.

గోడ దగ్గరి చోటికి మళ్లీ పోయాం. ఈసారి అన్న నావైపు చూడలేదు. కట్ట విప్పి, మొదటి చీటీ చేయి చాచి పట్టుకుని చదివాడు. ప్రార్థన స్వరం కాదది, షిఫ్టు మొదట్లో హాజరు పిలిచే స్వరం. పేరు, ఇల్లు, కష్టం. "బోరింగ్ ఎదురిల్లు, రెండో కోడలు, దగ్గు." "బీడీల కార్ఖానా పక్క సందు, ముసలాయన, కండ్లు." "చర్చి వెనక రేకుల ఇల్లు, కొడుకుకు నౌకరీ." చదివిన చీటీ కట్ట అడుక్కు పోతుంది, పైన కొత్తది వస్తుంది. అరవై ఎనిమిది చదివేసరికి మూడుంబావు అయింది. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ చివరిదాకా విని, లోపలికి పోయి మూడు గ్లాసుల మంచినీళ్లు పంపింది.

ఊట దగ్గర మేం అనుకున్నట్టు మర్రిలాంటి చెట్టేమీ లేదు, చిన్న గుడిలాంటి చర్చి, రాతి తొట్టి, సన్నని ధార. అక్కడా మొత్తం చదివాడు. గొంతు బొంగురుపోయింది. కూతురి చీటీని రెండు చోట్లా మిగతావాటి కంటే గట్టిగా ఏమీ చదవలేదు.

కొండ మెట్లే దెబ్బతీశాయి. ఉస్తాద్ సంచి తన మెడలో వేసుకున్నాడు. అన్న చేయి నా భుజం మీద. ప్రతి మలుపులో ఆగాల్సి వచ్చింది. మఠం గేటు దాటేసరికి అయిదూ నలభై ఐదు. ముంగిలి నిశ్శబ్దంగా ఉంది. ఒక నెమలి గోడ మీది నుంచి దిగి మమ్మల్ని చూసి పక్కకు పోయింది. కింద ఊరంతా, ఊరి అవతల సముద్రం, సముద్రం మీద మా ఓడ కూడా కనిపించాయి. అన్న ఊపిరి కూడా తీసుకోకుండా మొదలుపెట్టాడు.

ఆరింటికి నల్ల అంగీ వేసుకున్న సన్యాసి తాళాలతో వచ్చాడు. వచ్చి దూరంగా నిలబడి కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత మెల్లగా తాళాలు ఎత్తి చూపించాడు. అన్న చేతిలో ఉన్నది నలభై ఒకటో చీటీ. అది పూర్తి చేసి ఆపాడు. కూతురి చీటీ ఆ మొదటి నలభైలో ఉంది. అది అయిపోయింది. నేను ఆ మాటే అన్నాను.

"మీ బిడ్డది అయింది గదా అన్నా."

"నా బిడ్డ ఒక్కతే ఇచ్చిందా తమ్మీ?" అన్నాడు. "నా ఇంటిది చదివి, పక్కింటిది వాపసు తెస్తే ఏమనుకుంటరు?"

పొద్దున ఎన్నింటికి తెరుస్తారని సన్యాసిని సైగలతో అడిగాను. ఏడు వేళ్లు చూపించాడు. సోమవారం ఏడింటికి అన్న, ఉస్తాద్ ఇద్దరూ రేవులో ఉండాలి. పెద్ద పెట్టెలు నాలుగింటికి క్రేన్ కొక్కేలు తగిలించే చెవులు వెల్డింగ్ చేయాలి. ఓడ అధికారి జాబితా సరిచూసుకోవడానికి వచ్చేది పదింటికి. అప్పటిదాకా పని లేనివాణ్ని ముగ్గురిలో నేనొక్కణ్నే.

బస్సులో అన్నాను. "మిగిలినవి నేను చదువుత."

అన్న నమ్మలేదు. "నువ్వా? రుజువు లేదంటివి."

"రుజువు లేకుంటే ఏంది, లిస్టు ఉంది గద. ఇరవై ఏడు పెండింగ్."

ఉస్తాద్ కిటికీ వైపు తిరిగి నవ్వాడు. "అన్నా, ఇచ్చెయ్. పెండింగ్ అన్నడంటే ఇంక ఆనికి అన్నం పోదు."

పొద్దున ఆరున్నరకు అన్న నా చేతిలో కట్ట పెట్టాడు. "మెల్లగ చదువు బిడ్డా. పేరు, ఇల్లు, కష్టం. మూడూ చదవాలె. ఒకటి గూడ దాటెయ్యకు."

మఠం ముంగిట్లో నేను ఒక్కణ్నే. మొదటి చీటీ నోట్లోనే గొణిగాను. వినేవాళ్లు లేరు, అయినా సిగ్గేసింది. రెండోది కొంచెం గట్టిగా. ఐదోదానికి వచ్చేసరికి అవి చదవాల్సిన తీరు అర్థమైంది. రోజూ నేను చదివేది అలాగే కదా: పెట్టె నంబరు, లోపలి వస్తువు, బరువు. కాకపోతే నా పెట్టెలకు దగ్గు రాదు. పద్నాలుగోది ఒక పిల్లవాడిది, పెన్సిల్ రాత, తండ్రి తాగుడు మానాలని. దాన్ని రెండోసారి కూడా చదివాను. జాబితాలో ఒకే వరుసను రెండుసార్లు చదవడం నా పద్ధతి కాదు.

ఇరవై నాలుగోది తీసి చూస్తే ఉర్దూ. ఇరవై ఐదు, ఆరు, ఏడు కూడా ఉర్దూ. అన్న నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివాడు. ఆయనకు అది తెలుగంత సులువు, నాకు చెప్పాలని తోచి ఉండదు. నేను తెలుగు మీడియం. శాలిబండలో బేరం ఆడేంత ఉర్దూ మాట్లాడతాను, అక్షరం ఒక్కటీ రాదు. అక్కడ ఎవరిని అడగాలి? ఉస్తాద్ కొండ కింద రేవులో ఉన్నాడు. పోయి ఆయన్ని తీసుకొచ్చి, మళ్లీ పదింటికి రేవులో ఉండే సమయం లేదు.

ఊహించి ఏదో ఒకటి చెప్పొచ్చు. ఒక జ్వరం, ఒక నౌకరీ, ఒక పెళ్లి. ఎవరు చూడొచ్చారు? కానీ నేను ఇన్‌స్పెక్టర్‌ని. ఒక్కో చీటీ తెరిచి, రాసిన వైపు బయటికి పెట్టి, రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత మడిచి, దారం కట్టి, కొండ దిగాను.

రేవులో అన్న వెల్డింగ్ ముసుగు పైకెత్తి, "అయినయా?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. మా షాపులో ఒక నియమం ఉంది: పని అసంపూర్తిగా వదిలినవాడే పోయి పైవాడికి చెప్పాలి, ఇంకొకరితో చెప్పించకూడదు. "ఆ నాలుగిండ్లు నేను చూపిస్త" అన్నాడు. "చెప్పెటోనివి మాత్రం నువ్వే."

ఓడ బయల్దేరింది, మేం విమానంలో వచ్చేశాం. అన్న కూతురి కాన్పు మేం రాకముందే అయింది. ఆడపిల్ల, ఇద్దరూ కులాసా. అది ఎందువల్ల అయిందని నేను ఎక్కడా రాసుకోలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం కిషన్‌బాగ్‌లో ఆ నాలుగిళ్లకూ పోయాను. మూడిళ్లలో చాయ్ ఇచ్చి, పర్వాలేదన్నారు. నాలుగో ఇంట్లో ఒక పెద్దావిడ, తలుపు పరదా పక్కన పీట మీద కూర్చుని, నేను చెప్పేదంతా విన్నది.

"చదవరాకపాయె. మరి ఏం జేసినవ్ బేటా?"

"తెరిచి పట్టుకుని నిలబడ్డ అమ్మా."

"ఎంతసేపు?"

ఆమె ఊరికే అడిగిందేమో. కానీ నా దగ్గర ఆ లెక్క ఉంది. అంతకుముందు చదివిన ఇరవై మూడింటికి ఒక్కోదానికి ఎంత పట్టిందో గడియారం చూసి సగటు తీశాను, వీటినీ అంతేసేపు పట్టుకున్నాను, ఒక్క సెకండు తక్కువ కాకుండా.

ఒక్కో చీటీకి ఇరవై రెండు సెకండ్లు. నాలుగింటికి ఎనభై ఎనిమిది.